మా తర్వాత ఎవరు చూస్తారు? ఆటిజం సేవాసంస్థల లోపలి లెక్క

ఆటిజం ఉన్నవాళ్ల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ అనగానే చాలామంది ఊహించుకునేది ఒకటే. రంగురంగుల గది, నేల మీద బొమ్మలు, మూడేళ్ల పిల్లాడి ఎదురుగా ఓపిగ్గా కూర్చున్న థెరపిస్టు. ఆ పిల్లాడికి ముప్పై అయిదేళ్లు వచ్చాక ఎక్కడుంటాడో, పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తాడో ఆ ఊహలోకి రాదు. బాల్యం పదిహేను, పద్దెనిమిదేళ్లలో అయిపోతుంది. ఆ తర్వాత ఇంకో యాభై ఏళ్ల బతుకు ఉంటుంది. సంస్థల పనిలో పెద్ద భాగం ఆ యాభై ఏళ్ల చుట్టూ ఉండాలి. చాలాచోట్ల అలా ఉండదు. దీనికి మంచి మనసు లేకపోవడం కారణం కాదు. డబ్బు ఎటు నుంచి వస్తుందో, ఏ లెక్కన వస్తుందో సేవ కూడా ఆ ఆకారంలోనే తయారవుతుంది. ఈ రంగాన్ని అర్థం చేసుకోవాలంటే సంస్థ ఆశయాల పేజీ కంటే ముందు దాని ఆదాయం పేజీ చూడాలి.

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. ఎదుగుదల వైకల్యాలు అనే పెద్ద గొడుగు కింద ఆటిజం ఒకటి. చిన్నప్పటి నుంచే మాటలోనూ, ఇతరులతో మెలగడంలోనూ, ప్రవర్తనలోనూ తేడా చూపించే స్థితి అది. డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం లాంటివీ అందులోకే వస్తాయి. అమెరికా చట్టం దీన్ని జబ్బు పేరుతో కాకుండా బతుకులో వచ్చే ఇబ్బందితో నిర్వచించింది. వైకల్యం 22 ఏళ్ల లోపు మొదలై ఉండాలి, ఎప్పటికీ కొనసాగేదై ఉండాలి, ఏడు విషయాల్లో కనీసం మూడింట్లో గట్టి ఇబ్బంది కలిగించాలి. తన పనులు తాను చేసుకోవడం, మాట, నేర్చుకోవడం, కదలడం, తన నిర్ణయాలు తాను తీసుకోవడం, సొంతంగా బతకడం, సంపాదించుకోవడం - ఇవీ ఆ ఏడు. సేవాసంస్థలు అమ్మే, ఇచ్చే ప్రతిదీ ఈ ఏడింట్లో ఏదో ఒకదాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఈ జాబితా పనికొస్తుంది.

ఆటిజం లోపల కూడా తేడాలు చాలా ఎక్కువ. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ఎనిమిదేళ్ల పిల్లల మీద చేసిన 2022 నాటి లెక్కలో, తెలివితేటల పరీక్ష ఫలితాలు అందుబాటులో ఉన్న ఆటిజం పిల్లల్లో సుమారు 40 శాతం మందికి మేధో వైకల్యం కూడా ఉంది. అంటే ఒక్క మాటా రాని, రాత్రీ పగలూ పక్కన మనిషి ఉండాల్సిన వ్యక్తికీ, యూనివర్సిటీ డిగ్రీ ఉండి ఇంటర్వ్యూ గదిలో మాత్రం తడబడే వ్యక్తికీ కాగితం మీద ఒకటే పేరు. ఒకే సంస్థ ఈ ఇద్దరికీ సమానంగా ఉపయోగపడటం దాదాపు అసాధ్యం. 'ఆటిజం ఉన్న అందరికీ' అని బోర్డు పెట్టిన సంస్థ లోపలికి వెళ్తే, ఈ ఇద్దరిలో ఎవరో ఒకరికే చోటు ఉన్నట్టు చాలాసార్లు తేలుతుంది.

తల్లిదండ్రులు కట్టిన రంగం

ఈ సంస్థలు చాలావరకు తల్లిదండ్రుల నుంచి పుట్టాయి. దయ కొద్దీ కాదు, గత్యంతరం లేక. ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా డాక్టర్లు ఇచ్చిన సలహా ఒకటే: పిల్లాణ్ని ఆశ్రమంలో చేర్చండి, మరచిపోండి, ఇంకొకర్ని కనండి. ఆటిజం విషయంలో దీనికి తోడు ఒక నింద కూడా ఉండేది. తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే పిల్లాడు ఇలా అయ్యాడని పేరున్న మానసిక నిపుణులే రాశారు. అమెరికాలో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, తన కొడుక్కి ఆటిజం ఉన్న తండ్రి, ఆ వాదాన్ని 1964లో గట్టిగా ఖండించాడు. మరుసటి ఏడాది ఇతర తల్లిదండ్రులతో కలిసి జాతీయ స్థాయి సంఘం పెట్టాడు. అంతకు మూడేళ్ల ముందే, 1962లో, లండన్‌లో తల్లిదండ్రులు పెట్టుకున్న సంఘం ఇవాళ్టి నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ. స్థాపకుల్లో ఒకరైన లోర్నా వింగ్ స్వయంగా మానసిక వైద్యురాలు, ఆటిజం ఉన్న అమ్మాయికి తల్లి. మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇంకా ముందే కదిలారు. అమెరికాలో వాళ్ల జాతీయ సంఘం 1950లో మొదలైంది. ఇప్పుడు దాని పేరు ది ఆర్క్.

ఆశ్రమం అన్న మాట వెనక ఏముందో కూడా చెప్పాలి. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అనే ప్రభుత్వ ఆశ్రమాన్ని 4,000 మంది కోసం కట్టారు. 1960ల నడుమ అందులో 6,000 మందికి పైగా ఉన్నారు. 1972లో ఒక టీవీ రిపోర్టర్ కెమెరాతో లోపలికి వెళ్లి, బట్టల్లేకుండా నేల మీద పడి ఉన్న పిల్లల్ని దేశానికి చూపించాడు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు, 1975లో తీర్పు లాంటి ఒప్పందం కుదిరింది, 1987కి గానీ అది పూర్తిగా మూతపడలేదు. అమెరికా ప్రభుత్వ ఆశ్రమాల్లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల సంఖ్య 1967లో పతాక స్థాయికి చేరింది, అప్పుడు 1,94,000 మందికి పైగా ఉండేవారు. వాళ్లందర్నీ బయటికి తెస్తే ఎక్కడుండాలి, ఎవరు చూసుకోవాలి? ఆ ఖాళీలోకి వచ్చినవే ఇవాళ మనం చూసే స్వచ్ఛంద సంస్థలు. తల్లిదండ్రులు మొదట్లో చర్చి నేలమాళిగల్లో, ఇళ్లలో నడిపిన చిన్న బడులు ఇరవై, ముప్పై ఏళ్లలో వందలమంది సిబ్బంది ఉన్న సంస్థలయ్యాయి.

విరాళాల మీద నడుస్తాయన్న భ్రమ

అంత పెద్ద సంస్థలు విరాళాల మీద నడవవు. సంపన్న దేశాల్లో ఈ రంగంలో ఉన్న పెద్ద స్వచ్ఛంద సంస్థ అంటే ఆచరణలో ప్రభుత్వ కాంట్రాక్టరు. లాభం పంచుకోవడానికి వాటాదారులు ఉండరు, అంతే తేడా. అమెరికాలో పేదల వైద్యం కోసం పెట్టిన మెడిక్‌ఎయిడ్ పథకమే వైకల్యం ఉన్న పెద్దవాళ్ల సేవలకు ప్రధానమైన డబ్బు. 1981కి ముందు ఆ డబ్బు ఆసుపత్రికో ఆశ్రమానికో అయితే తేలిగ్గా వచ్చేది, ఇంట్లో ఉంచి చూసుకుంటే వచ్చేది కాదు. ఆ ఏడాది తెచ్చిన మార్పుతో, ఇంటి దగ్గరా సమాజంలోనూ ఇచ్చే సేవలకు కూడా రాష్ట్రాలు ఆ నిధులు వాడుకునే వీలు కలిగింది. 1999లో ఆ దేశ సుప్రీంకోర్టు ఓల్మ్‌స్టెడ్ కేసులో, బయట బతకగలిగిన మనిషిని అనవసరంగా ఆశ్రమం లాంటి చోట పెట్టడం వివక్షే అవుతుందని తేల్చింది.

వినడానికి అంతా బాగుంది. చిక్కు ఎక్కడంటే, ప్రభుత్వం గానీ బీమా కంపెనీ గానీ డబ్బు ఇవ్వాలంటే లెక్కించడానికి ఏదో ఒకటి కావాలి. థెరపీకి గంట లెక్క, డే సెంటర్‌కి రోజు లెక్క, సహాయకులతో కలిసి కొద్దిమంది ఉండే ఇల్లు, అంటే గ్రూప్ హోమ్‌కి మనిషి లెక్క. బిల్లు వేయగలిగిన పని జరుగుతుంది, బిల్లు వేయలేని పని ఎవరో ఒక మంచి ఉద్యోగి సొంత టైమ్‌లో చేస్తే జరుగుతుంది.

ఈ బిల్లు వేయలేని పని ఎలాంటిదో చూడాలంటే డోనాల్డ్ ట్రిప్లెట్ జీవితం చూడాలి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం వైద్యశాస్త్రంలోకి వచ్చింది. అందులో మొదటి పిల్లాడు ఇతనే. నాలుగేళ్లు నిండకుండానే డాక్టర్ల సలహా ప్రకారం ఆశ్రమంలో పెట్టారు. ఏడాది తిరిగేసరికి తల్లిదండ్రులు డాక్టరు మాట కాదని వెనక్కి తెచ్చుకున్నారు. తొమ్మిదేళ్ల వయసులో దగ్గర్లోని ఒక రైతు దంపతుల ఇంట్లో ఉంచారు. డోనాల్డ్‌కి కొలతల పిచ్చి. ఆ దంపతులు అతనితో బావి తవ్వించి, లోతు ఎంతైందో చెప్పమనేవారు. మొక్కజొన్న సాళ్లు మళ్లీ మళ్లీ లెక్కపెడుతుంటే, నాగలి తోలుతూ లెక్కపెట్టమన్నారు. అతను తర్వాత డిగ్రీ చదివాడు, కుటుంబానికి సంబంధం ఉన్న బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో చనిపోయాడు. కుటుంబం డబ్బున్నది కావడం, ఊరు అతణ్ని తనవాడిగా చూసుకోవడం ఇందులో పెద్ద కారణాలే, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఆ రైతు చేసిన పని ఏ సంస్థ రేటు కార్డులోనూ దొరకదు. దానికి పేరూ లేదు, గంటా లేదు.

ఇంకోవైపు గంటలు బాగా అచ్చొచ్చిన పని ఒకటుంది: చిన్నపిల్లల బిహేవియర్ థెరపీ, అంటే ప్రవర్తన మార్చే శిక్షణ. 1987లో ఓలే ఇవార్ లోవాస్ అనే సైకాలజిస్టు 19 మంది చిన్నపిల్లలకు వారానికి 40 గంటల చొప్పున ఇచ్చిన శిక్షణలో 9 మంది మామూలు పిల్లల స్థాయికి వచ్చారని ప్రకటించాడు. పిల్లల్ని చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా విడదీయలేదనీ, ఆ శిక్షణలో దండన కూడా వాడారనీ విమర్శలున్నాయి. తర్వాత వచ్చిన శాస్త్రీయ సమీక్షలు కొంత మేలు కనిపిస్తోంది గానీ ఆధారం బలహీనంగా ఉందన్నాయి. అయినా '40 గంటలు' అన్న అంకె తల్లిదండ్రుల మనసులోనూ, బీమా కాగితాల్లోనూ పాతుకుపోయింది. 2019కల్లా అమెరికాలోని 50 రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో బీమా కంపెనీలు ఆటిజం చికిత్సకు డబ్బు ఇవ్వాలని నిబంధన పెట్టాయి. గంట లెక్కన గట్టి రాబడి అనగానే లాభాల కంపెనీలు, పెట్టుబడి సంస్థలు కూడా దిగాయి. స్వచ్ఛంద సంస్థలు వాటితో పోటీ పడాల్సి వచ్చింది. మూడేళ్ల పిల్లాడికి థెరపీ సెంటర్లు వీధికొకటి పుట్టుకొచ్చి, అదే పిల్లాడికి పాతికేళ్లు వచ్చాక ఒక్క తలుపూ దొరకకపోవడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం చట్టంలో ఉంది. చాలా దేశాల్లో బడి హక్కు. అమెరికాలో 1975 నుంచీ వైకల్యం ఉన్న ప్రతి పిల్లాడికీ ఉచిత విద్య, దానితోపాటు స్పీచ్ థెరపీ లాంటివి కూడా బడే ఇవ్వాలి. ఈ హక్కు ఇంచుమించు 21 ఏళ్ల దాకా ఉంటుంది. ఆ తర్వాత అదే మనిషికి హక్కు అనేది ఉండదు, అర్హత మాత్రమే ఉంటుంది. అర్హత ఉన్నా క్యూలో నిలబడాలి. ఇంటి దగ్గర సేవల కోసం అక్కడి రాష్ట్రాల వెయిటింగ్ లిస్టుల్లో 2024లో సుమారు 7 లక్షల మంది ఉన్నారు, అందులో ఎక్కువమంది మేధో, ఎదుగుదల వైకల్యాలు ఉన్నవాళ్లే. బడి అయిపోయిన మర్నాటి నుంచి ఇంట్లో నాలుగు గోడల మధ్య, పక్కన ఉద్యోగం మానేసిన అమ్మ. ఇది చాలా దేశాల కథ.

పెద్దయ్యాక పొద్దంతా ఏం చేయాలి

ఈ ప్రశ్నకు సంస్థలు చాలాకాలం ఇచ్చిన జవాబు వర్క్‌షాప్. వైకల్యం ఉన్నవాళ్లనే ఒకచోట కూర్చోబెట్టి కవర్లు అతికించడం, స్క్రూలు లెక్కపెట్టి సంచుల్లో వేయడం లాంటి పని ఇవ్వడం. అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టంలోని ఒక సెక్షన్, ప్రత్యేక అనుమతి ఉంటే వీళ్లకు కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వొచ్చని చెప్పింది. అనుమతి తీసుకున్న వాటిలో ఎక్కువ భాగం స్వచ్ఛంద సంస్థలే. ఇక్కడ సంస్థ రెండు పడవల మీద కాలు పెట్టినట్టు ఉంటుంది. ఒకవైపు శిక్షణ ఇస్తున్నామంటుంది, ఇంకోవైపు బాగా పనిచేసేవాడు బయటి ఉద్యోగానికి వెళ్లిపోతే తన ఉత్పత్తి పడిపోతుంది. ఇరవై ఏళ్లుగా 'శిక్షణ'లోనే ఉన్న మనుషులు ఈ వ్యవస్థలో కనిపించడానికి కారణం ఇదే.

ఇవి మూసేస్తే వీళ్లంతా రోడ్డున పడతారన్న భయం కుటుంబాల్లో నిజంగానే ఉంది. వెర్మాంట్ రాష్ట్రం 2002లో చివరి వర్క్‌షాప్ మూసేసింది, బయటి ఉద్యోగాల్లో పక్కన కోచ్‌ని పెట్టి సాయం చేసే పద్ధతికి మారింది. ఆ పద్ధతిలో బాగా పేరొచ్చింది ప్రాజెక్ట్ సెర్చ్. 1996లో సిన్సినాటిలోని పిల్లల ఆసుపత్రిలో మొదలైంది. బడి చివరి ఏడాది యువకులు ఆసుపత్రిలోనే వేర్వేరు విభాగాల్లో అసలు పని చేస్తూ నేర్చుకుంటారు. వైద్య పరికరాల ట్రేలు సర్దడం లాంటి, వరసా ఖచ్చితత్వం కావాల్సిన పనులు అక్కడ బోలెడు. ఆ నమూనా తర్వాత చాలా దేశాలకు పాకింది. డెన్మార్క్‌లో 2004లో థోర్కిల్ సోన్నే అనే తండ్రి పెట్టిన స్పెషలిస్టెర్నె ఇంకో దారి పట్టింది. ఆటిజం ఉన్నవాళ్లను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లాంటి పనుల్లోకి, ఇంటర్వ్యూ లేకుండా పని చేయించి చూసి తీసుకుంది. పత్రికలకు ఈ కథ బాగా నచ్చింది. నాకైతే ఒక ఇబ్బంది ఉంది: ఈ కథలు చదివి 'ఆటిజం అంటే కంప్యూటర్ మేధావి' అనుకున్న కంపెనీ, కంప్యూటర్ జోలికి పోని పది మందిని తలుపు దగ్గరే ఆపేస్తుంది. ఉద్యోగం ఇవ్వడానికి మనిషిలో అద్భుతం ఉండాలన్న షరతు మిగతావాళ్లెవరికీ లేదు కదా.

అసలు ఉద్యోగమే కుదరనివాళ్లూ ఉన్నారు, ఈ మాట అనడానికి ఈ రంగంలో చాలామంది మొహమాటపడతారు. వాళ్లకు మంచి రోజు అంటే ఏమిటి? ఈత, నడక, తోటపని, లైబ్రరీ, తెలిసిన మనుషుల మధ్య గడపడం. దీన్ని బాగా చేయాలంటే ఒకరికో ఇద్దరికో ఒక సహాయకుడు కావాలి, అదే సహాయకుడు ఏళ్ల తరబడి ఉండాలి. మాట రాని మనిషి చెవులు మూసుకుంటే శబ్దం ఎక్కువైందో, పంటి నొప్పో తెలిసేది ఆ పాత మనిషికే. అమెరికాలో ఈ ఉద్యోగుల్లో ఏటా సుమారు 40 శాతం మంది పని మానేస్తారు. జీతం తక్కువ, రేటు ప్రభుత్వం చేతిలో, కాబట్టి సంస్థ తలచుకున్నా ఎక్కువ ఇవ్వలేదు. ఏ సంస్థలోనైనా సేవ నాణ్యత గురించి నన్ను ఒక్క ప్రశ్నే అడగనిస్తే, 'మీ దగ్గర మూడేళ్లకు పైగా ఉన్న సహాయకులు ఎంతమంది?' అని అడుగుతాను.

స్వచ్ఛందం అన్న బోర్డు దేనికి హామీ

లాభాపేక్ష లేదంటే మోసం లేదని అనుకోవడం తేలిక. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ కోర్ట్ కథ చూడండి. తల్లిదండ్రుల సంఘం నడిపిన బడిలో పిల్లలు పెద్దవాళ్లవుతుంటే, వాళ్ల కోసం 1974లో పల్లెలో తోటలతో ఒక ఆవాసం తెరిచారు. ఆటిజం ఉన్న పెద్దల కోసం ఆ దేశంలో అదే మొదటిది. 'మా తర్వాత ఎవరు' అన్న భయానికి కట్టిన జవాబు అది. 2016లో ఆ ఆవరణలోనే ఉన్న మెండిప్ హౌస్ అనే ఇంట్లో సిబ్బంది నివాసితుల్ని హేళన చేయడం, బెదిరించడం, బయటికి తీసుకెళ్లినప్పుడు తమ భోజనాల ఖర్చు కూడా వాళ్ల డబ్బుతోనే కట్టించడం బయటపడింది. ఆ ఇల్లు మూతపడింది. 2018లో వచ్చిన స్వతంత్ర సమీక్ష సంస్థతోపాటు, మనుషుల్ని ఎక్కడెక్కడి నుంచో అక్కడికి పంపి బిల్లులు కడుతూ పోయిన ప్రభుత్వ విభాగాలను కూడా తప్పుపట్టింది. సంస్థను స్థాపించింది తల్లిదండ్రులే, పేరు మంచిదే, నియంత్రణ సంస్థ తనిఖీలూ ఉన్నాయి. లేనిదల్లా, ఎప్పుడు పడితే అప్పుడు తలుపు తోసుకుని వచ్చే బయటి మనిషి.

ఇంకా తీవ్రమైన ఉదాహరణ అమెరికాలోని జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్. రిజిస్ట్రేషన్ ప్రకారం అది లాభాపేక్ష లేని సంస్థే. ప్రవర్తన మార్చడానికి వైకల్యం ఉన్నవాళ్ల చర్మం మీద కరెంటు షాకు ఇచ్చే పరికరం వాడుతుంది. హింసపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి 2013లో దీన్ని మానవ హక్కుల ఉల్లంఘనగా పేర్కొన్నాడు. 2020లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ నిషేధించింది, 2021లో కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కోర్టులో ఆ పరికరం కావాలని వాదించినవాళ్లలో కొందరు తల్లిదండ్రులు. దీన్ని చదివి వాళ్లను రాక్షసులు అనుకోవడం సులువు. తల పగిలేలా గోడకు కొట్టుకునే కొడుకును ఏ సంస్థా తీసుకోనప్పుడు, తీసుకున్న ఒకే ఒక్క సంస్థ ఏం చేసినా సరే అనే స్థితి అది. వెయిటింగ్ లిస్టులు ఎంత పొడుగ్గా ఉంటే తల్లిదండ్రుల నోరు అంత మూతపడుతుంది.

ఎవరి మాట చెల్లుతుంది

తల్లిదండ్రులు కట్టిన రంగం కావడంతో చాలాకాలం నిర్ణయాలు కూడా వాళ్లవే. 1990ల్లో ఆటిజం ఉన్న పెద్దలు తమ సంఘాలు తాము పెట్టుకోవడం మొదలుపెట్టారు. 2006లో అమెరికాలో వచ్చిన ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వకసీ నెట్‌వర్క్ వాటిలో బాగా వినిపించే గొంతు. మమ్మల్ని మార్చడానికి ఖర్చుపెట్టే డబ్బు మేం బతకడానికి పెట్టండి, మీ బోర్డుల్లో మాకు చోటు ఇవ్వండి అన్నది వాళ్ల వాదం సారాంశం. మాట రాని, పగలూ రాత్రీ తోడు కావాల్సిన బిడ్డల తల్లిదండ్రులకు దీని మీద కోపం: అంత చక్కగా రాయగలిగిన మీరు మా బిడ్డ తరఫున ఎలా మాట్లాడతారు అని. రెండు వాదాల్లోనూ నిజం ఉంది, కానీ సమానంగా లేదనిపిస్తుంది నాకు. మాట రాని మనిషి కూడా వద్దన్న సంగతిని ఏదో విధంగా తెలియజేస్తాడు. దాన్ని గమనించి రాసుకునే పద్ధతి సంస్థకు ఉందా లేదా అన్నది కొలవగలిగిన విషయమే.

చట్టంలో ఈ గొడవ గార్డియన్ల చుట్టూ నడుస్తోంది. పాత పద్ధతిలో 18 ఏళ్లు నిండగానే కోర్టుకు వెళ్లి, ఈ మనిషికి నిర్ణయాలు తీసుకునే శక్తి లేదని తేల్పించి, తల్లిదండ్రులకో సంస్థకో ఆ అధికారం అప్పగిస్తారు. 2006లో వచ్చిన ఐక్యరాజ్యసమితి వైకల్య హక్కుల ఒప్పందం 12వ అధికరణం, అందరికీ చట్టం ముందు సమాన హోదా ఉంది, నిర్ణయం తీసుకోవడానికి కావాల్సిన సాయం ప్రభుత్వాలు అందించాలి అంది. స్వీడన్ 1989లోనే మనిషిని 'అసమర్థుడు' అని ప్రకటించే పద్ధతి ఎత్తేసింది. భారత్‌లో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం, తల్లిదండ్రులు చనిపోయాక కూడా రక్షణ ఉండేలా చూడటాన్ని తన లక్ష్యాల్లో రాసుకుంది గానీ, అది ఎంచుకున్న దారి గార్డియన్‌ను నియమించడమే. 2013లో వర్జీనియాలో జెన్నీ హ్యాచ్ అనే డౌన్ సిండ్రోమ్ ఉన్న యువతి, గ్రూప్ హోమ్‌లో కాకుండా తనకు నచ్చిన స్నేహితుల ఇంట్లో ఉంటానని కోర్టులో పోరాడి గెలిచింది. ఆ కేసులో తెలివితేటల పరీక్ష మార్కుల కంటే ఆమెకు ఎవరి మీద నమ్మకం ఉందన్నది ముఖ్యమైంది.

డబ్బు సంస్థకు కాదు, మనిషికి

సంస్థకు గంపగుత్తగా నిధులు ఇవ్వడం మాని, ఆ డబ్బు వ్యక్తి పేరు మీదే పెడితే? నచ్చిన సంస్థను, నచ్చిన సహాయకుణ్ని తనే ఎంచుకుంటాడు, నచ్చకపోతే మారతాడు. బ్రిటన్ 1996లో చట్టం చేసి చేతికే డబ్బు ఇచ్చే వీలు కల్పించింది. ఆస్ట్రేలియా 2013లో మొదలుపెట్టిన జాతీయ వైకల్య బీమా పథకం దీన్ని దేశమంతటికీ తెచ్చింది. ఇప్పుడు అందులో 7 లక్షలకు పైగా సభ్యులున్నారు, అందరికంటే పెద్ద గుంపు ఆటిజం ఉన్నవాళ్లదే. సంస్థలు ఇప్పుడు ప్రభుత్వ అధికారిని కాకుండా ఆ మనిషిని మెప్పించాలి. వర్క్‌షాప్ మానేసి తన డబ్బుతో సంగీతం టీచర్ని పెట్టుకున్నవాళ్లున్నారు.

ఇబ్బందులూ వచ్చాయి. కాగితాలు బాగా నింపగల, అధికారితో వాదించగల కుటుంబానికి పెద్ద మొత్తం, అడగలేనివాళ్లకు చిన్న మొత్తం. దొంగ బిల్లులు. పథకం ఖర్చు అంచనాలు దాటిపోవడంతో ప్రభుత్వం మళ్లీ నిబంధనలు బిగిస్తోంది. పల్లెల్లో ఎంచుకోవడానికి అసలు రెండో సంస్థే ఉండదు. ఎవరికీ బిల్లు వేయలేని పనులు, అంటే తల్లిదండ్రుల సమావేశాలు, ఫోన్‌లో సలహా, కష్టమైన కేసులో మూడు విభాగాల చుట్టూ తిరగడం, గంపగుత్త నిధులతో చిన్న సంస్థలు చేసేవి. వ్యక్తి లెక్కన డబ్బు వచ్చాక వాటికి చోటు తగ్గింది. నిపుణులు అసలే లేని చోట్ల ఇంకో దారి చూస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన సంరక్షకుల శిక్షణలో, స్థానికంగా తర్ఫీదు పొందిన మామూలు కార్యకర్తలే తొమ్మిది బృంద సమావేశాలు, మూడు ఇంటి సందర్శనలతో తల్లిదండ్రులకు నేర్పుతారు. పెద్ద క్లినిక్ కట్టే సంస్థ కంటే ఇది చేసే సంస్థ తక్కువగా కనిపిస్తుంది, ఎక్కువ ఇళ్లకు చేరుతుంది.

మొదటి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. తల్లిదండ్రులు పోయాక ఆ మనిషి ఖాతాలో డబ్బు ఉండొచ్చు, గ్రూప్ హోమ్‌లో మంచం ఉండొచ్చు. జీతం తీసుకోకుండా అతణ్ని చూడటానికి వచ్చేవాళ్లు ఎవరు? కెనడాలో దీనికి ఒక వింత జవాబు దొరికింది. 1984లో మనిటోబాలో మొదలై బ్రిటిష్ కొలంబియాలో బాగా పెరిగిన మైక్రోబోర్డ్ అనే పద్ధతి అది. అయిదుగురో ఆరుగురో బంధువులు, స్నేహితులు కలిసి ఒకే ఒక్క మనిషి కోసం చట్టబద్ధంగా స్వచ్ఛంద సంస్థను రిజిస్టర్ చేస్తారు. ప్రభుత్వ డబ్బు ఆ సంస్థకే వస్తుంది. సహాయకుల్ని పెట్టుకునేది, ఇల్లు చూసేది అదే, కానీ దానికి రెండో 'లబ్ధిదారు' ఉండడు. ఖాళీ మంచం నింపాలన్న ఒత్తిడి లేదు, విస్తరించాలన్న ఆశ లేదు. బోర్డు సభ్యులకు జీతం లేదు.

ఒంటరి తల్లికో, ఊళ్లు మారుతూ వచ్చిన కుటుంబానికో ఆ అయిదుగురు ఎక్కడ దొరుకుతారన్నది దీని బలహీనత. 1989లో వాంకూవర్‌లో తల్లిదండ్రులు పెట్టుకున్న ప్లాన్ అనే సంస్థ ఈ భాగాన్నే పనిగా పెట్టుకుంది. ఒక్కో మనిషి చుట్టూ స్నేహితుల వలయం అల్లడానికి ఒక ఉద్యోగిని పెడుతుంది. ఆ ఉద్యోగి అతని ఇష్టాలు కనుక్కుంటాడు, అవే ఇష్టాలున్నవాళ్లను వెతుకుతాడు, కలుపుతాడు, కొన్నేళ్ల పాటు ఆ వలయం తెగిపోకుండా చూస్తాడు. ఈ పనికి ప్రభుత్వం మీద ఆధారపడకూడదని మొదట్లోనే నిర్ణయించుకున్నారు, కాబట్టి ఖర్చులో కుటుంబాలు కూడా వంతు వేసుకుంటాయి. స్నేహితుల్ని వెతికిపెట్టడానికి కూడా ఎవరో ఒకరికి జీతం ఇవ్వాల్సిందే, దాన్ని గంటల్లో బిల్లు వేయడం ఇంకా ఎవరికీ చేతకాలేదు.